కాటారం బస్సులో చచ్చిన మిషను

తుల్సీబాయికి కోపం వస్తే ముందు ముక్కుపుడక అదురుతుంది, ఆ తరువాత నోరు లేస్తుంది. ఆమె కండక్టరుగా ఎక్కే బస్సును నడిపే బిక్షపతికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ మంగళవారం పొద్దున పదకొండున్నరకు, కాటారం ఇంకా తొమ్మిది కిలోమీటర్లు ఉందనగా, వెనక నుంచి "థూ! మల్ల సచ్చింది!" అన్న కేక వినబడినా అతను అద్దంలోకి చూడలేదు. గేరు మార్చి రోడ్డు మీదే చూపు నిలిపాడు.

చచ్చింది మనిషి కాదు, టికెట్ మిషను. చేతిలో పట్టేటంత చిన్న కంప్యూటరు అది. ముందు తెర, నెత్తిన కాగితం చుట్ట, వీపున బ్యాటరీ. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ, ఊరికే ఎక్కి ఊరికే దిగడానికి లేదు. ఎక్కిన ప్రతి ఆడమనిషికీ సున్నా రూపాయల టికెట్టు కొట్టి చేతికియ్యాలి. అది లేకపోతే ఆమెకు టికెట్టు లేనట్టే, కండక్టరు దొంగ అయినట్టే. మగవాళ్ల కోసమైతే పాతకాలపు కాగితం టికెట్ల కట్ట సంచిలో పడి ఉంటుంది. సున్నా టికెట్లకు అలాంటి కట్ట ఎవడూ అచ్చు వేయలేదు. మిషను బతికుంటేనే ఆడవాళ్లకు టికెట్టు.

తుల్సీబాయి బ్యాటరీ ఊడదీసింది, కొంగుతో తుడిచింది, నోటితో ఊదింది, మళ్లీ పెట్టింది. తెర ఒక్కసారి వెలిగి, ఆమెను వెక్కిరించి ఆరిపోయింది. అంతకు ముందు స్టేజీలోనే పత్తి ఏరడానికి పోయే కూలీలు ఇరవై ముగ్గురు ఎక్కారు. అందరూ ఆడవాళ్లే. ఒక్కరికీ టికెట్టు కొట్టలేదు.

మలుపు తిరిగేసరికి ఎదురుగా చెకింగు జీపు. పెట్టి పుట్టాలంటారు చూడండి, అదిగో అట్లాంటి అదృష్టం తుల్సీబాయిది.

నల్లకళ్లద్దాల అధికారి బస్సెక్కి, ముందు సీటులో కూర్చున్న భూదేవి అవ్వనే మొదట అడిగాడు. డెబ్బై ఏళ్లు దాటినా ఇంకా పత్తి చేనుకు పోయే మనిషి ఆమె. ఒడిలో ఖాళీ సంచి మడిచి పెట్టుకుంది.

"టికెట్ ఏది?"

"మిషన్ సచ్చింది బిడ్డా. కండక్టరమ్మ కొడతనే ఉన్నది, అది కొట్టుకుంటలేదు."

"ఊకె ఎక్కి పోతరు. ఊకె ఇచ్చే టికెట్ గూడ తీస్కోరాదు మీకు? దిగున్రి. టికెట్ లేనోళ్లందరు దిగున్రి!"

"సార్, వాళ్లను దింపుడెందుకు?" తుల్సీబాయి అడ్డం పోయింది. "తప్పుంటే నాది రాయున్రి."

"రాస్త. నీదే రాస్త. ముందు వాళ్లను దిగనియ్యి."

ఇరవై ముగ్గురినీ రోడ్డు పక్కన ఎండలో వరుసగా నిలబెట్టారు. ఆధార్ కార్డులు చూసి, పేర్లు రాసుకుని, రెండుసార్లు లెక్కపెట్టారు. దొంగ కలప పట్టుకున్నప్పుడు దుంగలను కూడా ఇంత శ్రద్ధగా లెక్కపెట్టరు. ముప్పావుగంట అయింది. వాళ్లు చేను చేరేసరికి మేస్త్రి వేరే కూలీలను పెట్టుకున్నాడు, ఆ పూట కూలి పోయింది. బస్సులోకి తిరిగి ఎక్కుతూ భూదేవి అవ్వ తుల్సీబాయి చెయ్యి పట్టుకుని, "నువ్వేం జేస్తవులే బిడ్డా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. 

అధికారి మెమో కాగితం రాసి, కింద తుల్సీబాయి సంతకం తీసుకున్నాడు. మూడో మెమో అది. గురువారం పదింటికి విచారణ.

మూడో మెమో అంటే ఏమిటో తెలియాలంటే ఆమె సంగతి కొంచెం చెప్పాలి. మరిపెడ పక్కన తండాలో పుట్టింది. నాన్న వాల్యా ఇరవై రెండేళ్లు బస్సు నడిపి, డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగానికి బదులుగా కూతురికి కండక్టరు పని ఇచ్చారు. ఇచ్చారంటే అట్లా ఇట్లా కాదు, నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిప్పి, మూడేళ్ల కాంట్రాక్టు మీద ఇచ్చారు. ఆ మూడేళ్లలో చార్జిషీటు పడకుంటేనే పర్మనెంటు. మూడు మెమోలైతే చార్జిషీటు, చార్జిషీటు పడితే ఇంటికే. జనవరికి మూడేళ్లు నిండుతాయి. ఇది నవంబరు చివర. భర్త నరేశ్ వరికోత మిషను మీద ఊళ్లు తిరుగుతాడు, సీజను లేనప్పుడు పొయ్యి వెలిగేది ఈమె జీతంతోనే. కాబట్టి ఆ సంతకం కాగితం మీద కాదు, పొయ్యి మీద పెట్టినట్టే.

డిపో పేరు చెప్పను. చెప్పి దాన్ని బజారుకీడిస్తే నాకేం వస్తుంది? ఇట్లాంటి మిషను గది ఎక్కడైనా ఉండొచ్చు. ఆ గదికి పెద్ద వెంకట్రాం. పొద్దున కిటికీలో నుంచి మిషన్లు ఇస్తాడు, సాయంత్రం తీసుకుని చార్జింగు స్టాండులో గుచ్చుతాడు. ముప్పై గూళ్ల ఇనుప స్టాండు అది, ఒక్కో గూటి కింద ఒక పచ్చదీపం. ఊళ్లో పదెకరాల పొలం, నుదుట నిలువు బొట్టు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. మనిషి చెడ్డవాడని అనను. కాకపోతే తన మాట తప్పు అయ్యే అవకాశం ఒకటి లోకంలో ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం తుల్సీబాయి మిషనును కిటికీలో ధన్‌మని పెట్టింది.

"గిది చార్జింగ్ ఎక్కుతలేదు సార్. నెల దినాల సంది చెప్తున్న. పొద్దున నా చేతికి వచ్చినప్పుడే నలభై ఆరు శాతమున్నది."

వెంకట్రాం రిజిస్టరు తిప్పాడు. "ఇగో చూడు. ఫుల్ అని రాసున్నది. కింద సంతకం ఎవరిది? నీదే."

"బండి టైమైతుంటె, వెనక ఇరవైమంది తోస్తుంటె, ఎవలు చూసి పెడతరు సార్ సంతకం?"

"అది నన్నడుగుతవేంది? ముప్పై మిషన్లున్నయి. ఎక్స్‌ప్రెస్ బండ్లోళ్లు ఒక్కరన్న వచ్చి అడిగిన్రా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కత."

"వసంతది సస్తలేదా? భద్రుది సస్తలేదా? మా పల్లె బండ్లయి అన్ని సస్తున్నయి!"

"మీరు ఫోన్ల లెక్క ఆడుకుంటరు, గందుకే సస్తయి." ఆయన వక్క నమిలాడు. "మీ తండకు కరెంటే మొన్నొచ్చె. మిషన్ల సంగతి నాకు జెప్తవా?"

తుల్సీబాయి ముక్కుపుడక అదిరింది. ఆమె తండాకు ఆమె పుట్టకముందే కరెంటు వచ్చింది. ఆ మాట అనబోయి ఆగింది, ఎందుకంటే అంతకంటే పెద్ద మాటలు వెనక క్యూ కట్టి ఉన్నాయి. అవి తండా భాషలో వచ్చాయి. కిటికీ అవతల ఆయనకు అర్థం కాలేదు గానీ, పక్కనే నిలబడ్డ కండక్టరు భద్రు కూడా తండావాడే, అర్థమై చెవులు మూసుకున్నాడు.

తోటి కండక్టరు వసంత బయటికి లాక్కుపోయింది. "తప్పయిందని రాసియ్యి అక్కా. నేను గూడ గట్లనే రాసిచ్చిన."

"ఏం తప్పు చేసినవని రాసిచ్చినవే?"

"ఏమో. తప్పయిందని రాసిన."

"గట్ల రాసిచ్చెటోళ్లుండవట్టే వాళ్లు గిట్లున్నరు!" అని తుల్సీబాయి ఆమె మీద కూడా విరుచుకుపడింది. పాపం, వసంత ఒక్క మెమోకే వారం రోజులు అన్నం సహించక తిరిగిన పిల్ల.

బుధవారం పొద్దున బస్సెక్కాక బిక్షపతి ఒక మంచి మాట చెప్పాడు. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన చేతులవి.

"కోపం జర పక్కకు పెట్టు బిడ్డా. బండి స్టార్ట్ గాకుంటె నేనేం జేస్త? డీజిల్ ఉన్నదా? ఉన్నది. బ్యాటరీ ఉన్నదా? ఉన్నది. వైరు ఊడిందా? గట్ల ఒక్కొక్కటి కాదనుకుంట వస్త. ఒక్కపారే ఇంజన్ ఇప్పి రోడ్డు మీద పారేస్తనా?"

తుల్సీబాయి కోపాన్ని పక్కకు పెట్టలేదు, పనికి పెట్టింది. ముందు తెర వెలుగు తగ్గించింది. అక్కర్లేనివన్నీ ఆపింది. అప్పటికే డిపోలో వసంతతో మాట్లాడి ఇద్దరూ బ్యాటరీలు మార్చుకున్నారు. ఆమె బ్యాటరీ ఈమెకు, ఈమెది ఆమెకు. పదకొండు దాటగానే ఈమె మిషను చచ్చింది. వసంతకు ఫోను చేస్తే అక్కడా చచ్చింది. అంటే ఒక్క తన బ్యాటరీ మీద నెట్టడానికి లేదు. మిషన్లే పాడయ్యాయనుకుందామా అంటే, మూడు బండ్లవి ఒకే నెలలో ఎట్లా పాడవుతాయి?

కాటారంలో బస్సు నలభై నిమిషాలు ఆగుతుంది. బస్టాండు పక్కన హోటల్లో బిక్షపతి తన ఫోను చార్జరు తీసి మిషనుకు గుచ్చాడు. ఇద్దరూ చాయ్ ముందు పెట్టుకుని, జబ్బు మనిషి దగ్గర కూర్చున్నట్టు దాని ముందు కూర్చున్నారు. మూడు శాతం ఉన్నది పది అయింది, ఇరవై అయింది. బస్సు బయలుదేరే వేళకు యాభై ఎనిమిది. తిరుగు ప్రయాణంలో బస్సు కిటకిటలాడింది, కొట్టిన టికెట్టు కొట్టినట్టే వచ్చింది, మిషను ఒక్కసారీ నీల్గలేదు.

"మిషన్ మంచిదే. బ్యాటరీ మంచిదే," అంది తుల్సీబాయి. "మరి రాత్రంత డిపోల ఏం తింటున్నట్టు గిది?"

"అటు జూడు మరి," అన్నాడు బిక్షపతి.

సాయంత్రం ఐదింటికి ఆమె డిపో చేరేసరికి వెంకట్రాం చాయ్‌కి పోయాడు, గది తలుపు తెరిచే ఉంది. తన గూడు పదిహేడు. మిషను గుచ్చింది, పచ్చదీపం వెలుగుతోంది. తీసింది. దీపం వెలుగుతూనే ఉంది. పక్క గూడు చూసింది, అక్కడ మిషనే లేదు, దీపం వెలుగుతోంది. ఆ దీపం మిషనుకు కరెంటు ఎక్కుతోందని చెప్పేది కాదు, స్టాండుకు కరెంటు వచ్చిందని చెప్పేది. దాన్ని చూసే వెంకట్రాం రోజూ ముప్పై గళ్లలో ఫుల్, ఫుల్, ఫుల్ అని రాస్తున్నాడు.

"యాడీ!" అని అమ్మను తలుచుకుని, ఫోను లైటు వేసి గూటి లోపలికి చూసింది. మిషనుకు కరెంటు అందించే నాలుగు పిన్నులుంటాయి అక్కడ. వాటి మీద పసుపు పచ్చగా, దాని మీద ఎర్రగా, నూనె ఎండి పెచ్చు కట్టి ఉంది. వేలిముద్ర కూడా చెక్కుచెదరలేదు. సన్నని వేలు. మగవాళ్లది కాదు.

తుల్సీబాయి తన బొటనవేలు చూసుకుంది.

దసరాకు డిపోలో ఆయుధపూజ చేశారు. బస్సులకు బంతిపూల దండలు, టైర్ల కింద నిమ్మకాయలు, రెంచీలకూ జాకీలకూ బొట్లు. వెంకట్రాం పళ్లెం పట్టుకుని వచ్చి, "డిపోకు ఆడబిడ్డవు. నీ చేతితోని పెట్టు. మిషన్లకే గాదు, అవి కూసునే గూళ్లకు గూడ పెట్టు, ఒక్కటి ఇడువకు" అన్నాడు. రెండున్నరేళ్లలో ఆ డిపోలో ఎవరైనా ఆమెను ముందుకు పిలవడం అదే మొదలు. పొంగిపోయింది. పసుపు ముద్ద, నూనెలో కలిపిన కుంకుమ, ఏ గూడూ విడవకుండా లోపలికంటా బొటనవేలు పెట్టి ఒత్తింది. గట్టిగా ఒత్తింది, రాలిపోవద్దని.

మన వేలితో మన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే. నెల రోజుల నుంచి ఆమె తిట్టిన తిట్లన్నీ తిరిగి వచ్చి ఆమె గుమ్మంలోనే కూర్చున్నాయి. వసంత మెమో, భద్రు మెమో, ఎండలో నిలబడ్డ ఇరవై ముగ్గురు, అన్నీ తన బొటనవేలి కిందివే. ఎక్స్‌ప్రెస్ బస్సుల వాళ్లు ఎందుకు అడగలేదో కూడా ఇప్పుడు తెలిసింది. కొత్త బస్సులు, డ్రైవరు పక్కన ప్లగ్గు ఉంటుంది, దారిలోనే చార్జింగు పెట్టుకుంటారు. డొక్కు బస్సుకు హారనే సరిగ్గా ఉండదు, ప్లగ్గు ఎక్కడిది?

వెనక నుంచి వెంకట్రాం వచ్చాడు. చూశాడు. వక్క నమలడం ఆపాడు.

"అది... నువ్వు పెట్టిన బొట్టే గద," అన్నాడు మెల్లగా.

"పెట్టుమన్నది మీరే గద."

"అమ్మవారి బొట్టు మిషన్ను చెడగొట్టిందంటవా? నోరు కడుక్కోపో. చూడు బిడ్డా, బయటికి చెప్తే నీ మీదికే వస్తది. తప్పయిందని రాసియ్యి, నిమ్మలంగ ఉండు. ఏం గాదు."

"ఏం గాదా? నా నౌకరీ పోతది సార్! మీది పోదు, నాది పోతది!"

ఆమె సంచిలో లెక్కలు దిద్దుకునే పెన్సిలు ఉంది, దాని చివర రబ్బరు ముక్క ఉంది. స్టాండు ప్లగ్గు పీకి, తన గూటిలోని నాలుగు పిన్నులనూ ఆ రబ్బరుతో రుద్దింది. పెచ్చు రాలి, కింది ఇత్తడి మెరిసింది. వసంత గూడు కూడా రుద్దింది. తేడా తెలియాలని అక్కడితో ఆపి, మిగతా వాటిని ఫోటో తీసుకుని, ప్లగ్గు మళ్లీ పెట్టింది. వాటిని వెంకట్రాం తుడిచేస్తాడని ఆమెకు భయం లేదు. పెట్టిన బొట్టు తుడవడానికి ఆయనకు చెయ్యి రాదు. దోషం అంటాడు.

గురువారం పొద్దున కిటికీలో మిషన్లు వచ్చాయి. తుల్సీబాయిది నూరు. వసంతది నూరు. భద్రుది నలభై నాలుగు. మూడు తెరలూ పక్కపక్కన పెట్టి ఇంకో ఫోటో తీసింది.

పదింటికి డిపో మేనేజరు గది. ఆయన మెమో ముందు పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన వెంకట్రాం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తుల్సీబాయి మొదటి నుంచి చెప్పింది. హోటల్లో చార్జరు, గూటి దీపం, పిన్నుల మీది పెచ్చు, రబ్బరు, పొద్దుటి మూడు తెరలు. మేనేజరు ఫోటోలన్నీ చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే బొట్టు పెట్టింది నువ్వే అన్నమాట. డిపో సామాను నువ్వే పాడుచేసినవు. మళ్లీ మెమో ఎందుకని నన్నే అడుగుతున్నవు."

"పెట్టింది నేనే సార్. దాస్తలేను," అంది తుల్సీబాయి. ముక్కుపుడక అదురుతోంది. "కని ఇంకో ఫోటో ఉన్నది. అది నేను తీసింది గాదు."

డిపో వాట్సాప్ గ్రూపులో దసరా రోజు మేనేజరే పెట్టిన ఫోటో. కింద శుభాకాంక్షలు, దండం బొమ్మలు నాలుగు. అందులో తుల్సీబాయి పళ్లెం పట్టుకుని నిలబడింది. వెంకట్రాం వేలు పెట్టి ఒకటో నంబరు గూడు చూపిస్తున్నాడు. ఆ గూటిలోకి వంగి, నవ్వుతూ, ఎర్రటి వేలితో బొట్టు పెడుతున్నది మేనేజరు.

"మొదటి బొట్టు మీదే సార్. తర్వాతి ఇరవై తొమ్మిది నాయి."

 వెంకట్రాం ఫ్యాను వైపు చూశాడు. మేనేజరు ఫోను తిరిగి ఇచ్చి, మెమో దగ్గరికి లాక్కున్నాడు.

"సరే. పిన్నులకు దుమ్ము పట్టిందని రాసి దీన్ని తీసేద్దాం."

"దుమ్ము గాదు సార్, పసుపు! దుమ్మని రాస్తే వచ్చే దసరకు మల్ల గిదే పళ్లెం పట్టుకొస్తరు. ఇంకో పిల్ల వేలు పెడ్తది, దాని నౌకరీ పోతది. ఉన్నది ఉన్నట్టు రాయున్రి. నా పేరు గూడ రాయున్రి, నాకేం సిగ్గు లేదు. వసంతది, భద్రుది గూడ తీసెయ్యిన్రి. వాళ్లు చెయ్యని తప్పుకు తప్పయిందని రాసిచ్చిన్రు."

మేనేజరు రెండుసార్లు రాసి కొట్టేశాడు. చివరికి 'పూజా ద్రవ్యముల వలన చార్జింగులో అంతరాయం' అని రాశాడు. ఎవరి పేరూ రాయలేదు. ముగ్గురి మెమోల మీదా అడ్డంగా గీత కొట్టి సంతకం చేశాడు. ఆ గీతలు చూశాక తుల్సీబాయి, ఎవరూ కూర్చోమనకుండానే, ఎదురు కుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా కోపమే ఆమెను నిలబెట్టింది మరి.

లేచి తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. "సార్, మరి ఆ ఇరవైమూడుమందికి ఏం రాస్తరు?"

"వాళ్లకేందమ్మా? వాళ్లు ఫ్రీగనే పోయిన్రు గద."



శుక్రవారం పత్తి కూలీల స్టేజీలో బస్సు ఆగింది. అందరూ ఎక్కారు, చివర భూదేవి అవ్వ ఎక్కింది. ముందు సీటులో కూర్చుని, మడిచిన ఇరవై నోటు చాపింది.

"పైసల టికెట్ కొట్టు బిడ్డా. మగోళ్లకు కొట్టేది."

"నీకెందుకవ్వా పైసలు? మిషన్ బాగైంది, గిదో చూడు."

"నీ మిషన్ బాగైందిలే. నేనే మల్ల ఎండల నిలవడ. పైసలిస్తె ఎవడు దిగుమంటడు?"

తెర మీద తొంభై ఒకటి ఉంది. ఆ అంకె చూస్తుంటే తుల్సీబాయికి పట్టలేని కోపం వచ్చింది. నల్లకళ్లద్దాల మీద, రిజిస్టరు మీద, తన బొటనవేలి మీద. అరవడానికి ఎదురుగా ఉన్నది అవ్వ ఒక్కతే. నోటును ఆమె గుప్పిట్లోనే మూసి, సున్నా టికెట్టు కొట్టి, దాని మీద పెట్టింది.

"గిది దగ్గరుంటె ఎవడు దింపడవ్వా. దింపితె నన్ను పిలువు."

అవ్వ నమ్మీ నమ్మనట్టు టికెట్టును నోటుతో కలిపి కొంగున ముడి వేసుకుంది. బస్సు కదిలింది. అడవి అంచు వచ్చింది. జీపు ఆపిన మలుపు ఇంకా రెండు ఫర్లాంగులు ఉందనగానే అవ్వ ముడి విప్పింది. టికెట్టు తీసి రెండు చేతులతో ముందుకు పట్టుకుని, మలుపు దాటిందాకా అలాగే కూర్చుంది. ఆ రోజు అక్కడ జీపు లేదు.